హోమ్ లోన్ మాటలు ఒక్క ముక్కా ఎక్కట్లేదు, కాస్త విడమర్చి చెప్పండి ప్లీజ్

కూకట్‌పల్లి_కోడలు
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే, రాయడం ఇదే మొదలు. మియాపూర్ అవతల ఒక అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ చూశాం, ఇంకా స్లాబులు పడుతున్నాయి, వచ్చే ఏడాది చివరికి తాళాలిస్తామంటున్నారు. 1,350 ఎస్ఎఫ్‌టీ, రేటు 5,000, పార్కింగ్ క్లబ్‌హౌస్ అవీ ఇవీ కలిపి ఇంకో 4 లక్షలు. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలే కాబట్టి లోన్‌కి ఇబ్బంది లేదన్నారు. ఆదివారం సేల్స్ ఆఫీసులో కూర్చోబెట్టి ఆ అబ్బాయి గంటన్నర సేపు యూడీఎస్, ఏపీఎఫ్, ఓసీ, ఓసీఆర్, ప్రీ ఈఎంఐ, ఎంఓడీ అంటూ పొడి అక్షరాలు చల్లుతూనే ఉన్నాడు, మేం తలలూపుతూనే ఉన్నాం. బయటికొచ్చాక మా ఆయన్ని నీకేమన్నా అర్థమైందా అంటే "నీకు అర్థమవుతోంది కదాని నేను అడగలేదు" అన్నారు 😐

ఇది చాలదన్నట్టు బ్యాంకు వాళ్లిచ్చిన కాగితాల్లో మా నాన్న "తనఖా" అన్న మాట చూశారు. కొనకముందే తాకట్టేంటమ్మా అని రెండ్రోజుల్నించి అన్నం సరిగ్గా తినట్లేదు.

ఇంకోటి, అదే బిల్డింగ్‌లో రెండో ఫ్లోర్‌లో ఒకటి 4 లక్షలు తక్కువకొస్తుంది, అది మార్ట్‌గేజ్ ఫ్లాట్ మేడమ్ అన్నాడు. లోన్ వచ్చే ఫ్లాట్ అనే కదా అర్థం? మాకు కావాల్సిందీ అదే కాబట్టి దానికే బయానా ఇద్దామనుకుంటున్నాం. శుక్రవారంలోపు 2 లక్షలు అడిగాడు.

ఈఎంఐ_బాధితుడు
రండి రండి, మా సంఘంలోకి స్వాగతం 😄 మీ నాన్నగారికి చెప్పండి, హైదరాబాద్‌లో తాకట్టు లేని ఫ్లాటు వెతికితే దొరకదని. సరే జోకులు పక్కనపెడితే మీరు ముందు అడగాల్సింది ఫ్లోటింగా (వడ్డీ రేటు మారుతూ ఉండేది) ఫిక్స్‌డా (మారనిది), ఫ్లోటింగ్ అయితే దేనికి ముడిపెట్టారు అని. 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లు బయటి బెంచ్‌మార్క్‌కి ముడిపెట్టాలి, దాదాపు అందరూ ఆర్‌బీఐ రెపో రేటుకే, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే రేటుకే పెట్టారు. రెపో ప్లస్ స్ప్రెడ్ (పైన బ్యాంకు కలుపుకునే శాతం) అంటారే, అదే. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి ఈ రూల్ లేదు, వాళ్ల పీఎల్‌ఆర్ (వాళ్లే పెట్టుకునే మూల రేటు) వాళ్లిష్టం, పెరిగేటప్పుడు లిఫ్టులో దిగేటప్పుడు మెట్ల మీద.

నా సంగతి వినండి. 2021 చివర్లో తీసుకున్నా, 40 లక్షలు, 20 ఏళ్లు, 6.75 శాతం, ఈఎంఐ 30,415. అప్పుడు రెపో 4 ఉండేది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు 6.5కి తీసుకెళ్లారు. నా ఈఎంఐ మాత్రం రూపాయి పెరగలేదు, నేనేమో మా బ్యాంకు ఎంత మంచిదో అని ఆఫీసులో చెప్పుకున్నా. 2023 వేసవిలో ఊరికే స్టేట్‌మెంట్ దించి చూస్తే ఆ నెల కట్టిన 30,415లో 30 వేలు దాటి వడ్డీకే పోయింది, అసలుకి జమైంది రెండొందల చిల్లర. టెన్యూర్, అంటే అప్పు తీరే గడువు అన్న గడిలో ఉన్న అంకె చూసి మా ఆవిడకి చూపించకుండా ల్యాప్‌టాప్ మూసేశా.

బెజవాడ_బాబాయ్
@ఈఎంఐ_బాధితుడు అందుకే ఆ ఏడాది ఆగస్టులో ఆర్‌బీఐ సర్క్యులర్ ఇచ్చింది కదా, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంతా కొంతా చేయాలా అన్నది అప్పు తీసుకున్నోడిని అడగాలని. నువ్వు అడిగావా మరి?

ఈఎంఐ_బాధితుడు
అడిగి ఈఎంఐ పెంచుకున్నా బాబాయ్. పెంచమని బ్యాంకుని బతిమాలినవాణ్ణి మా కాలనీలో నేనొక్కణ్ణే అనుకుంటా.

పాత_దస్తావేజు
అమ్మా, నేను ముప్పై ఏళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అరుగుమీద దస్తావేజులు రాసినవాణ్ణి. మీ నాన్నగారి భయం ఎక్కడిదో నాకు తెలుసు. మన ఊళ్లలో తనఖా అంటే షావుకారు పొలం రాయించుకుని పంట కూడా ఆయనే తినేవాడు, అది భోగ్యం, స్వాధీన తనఖా. తీర్చలేకపోతే పొలమూ పోయేది పరువూ పోయేది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో తనఖాలు ఆరు రకాలు, భోగ్యం అందులో ఒకటి. బ్యాంకు వాళ్లు సాధారణంగా మీ దగ్గర చేయించేది వేరే రకం, హక్కు పత్రాలు డిపాజిట్ చేసి తీసుకునే తనఖా. ఇల్లు మీ పేరునే ఉంటుంది, మీరే ఉంటారు, అద్దెకిచ్చుకున్నా అద్దె మీదే. కాగితాలు మాత్రం వాళ్ల బీరువాలో. ఆ డిపాజిట్ చేశామని రాసే కాగితమే మీ సేల్స్ అబ్బాయి చెప్పిన ఎంఓడీ. అది రిజిస్టర్ చేస్తారు, చేశాక ఈసీ తీస్తే అందులో కనపడుతుంది.

ఈసీ అంటే ఆ ఆస్తి మీద ఎవరెవరు ఎవరికి అమ్మారు, ఎవరి దగ్గర తాకట్టుంది, రిజిస్టరైనవన్నీ చూపించే చిట్టా. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకే వెళ్లాలి. లింకు డాక్యుమెంట్లంటే మీకు అమ్మేవాడికి ఆ స్థలం ఎవరిచ్చారు, వాళ్లకెవరిచ్చారు అన్న గొలుసు. గొలుసులో ఒక కొక్కెం లేకపోయినా ఆగండి. రిజిస్టర్ కాని వీలునామా మధ్యలో కనిపిస్తే ఇంకా ఆగండి.

అప్పు తీరాక చాలామంది చేసే తప్పొకటుంది. కాగితాలు తెచ్చుకుని సంబరపడి ఊరుకుంటారు. ఆ తనఖా విడుదలైనట్టు కూడా రిజిస్టర్ చేయించుకోవాలి, లేకపోతే పదేళ్ల తర్వాత అమ్మబోతే ఈసీలో బ్యాంకు పేరు అట్లాగే నవ్వుతూ ఉంటుంది. ఒకాయన ఇట్లాగే అప్పుడెప్పుడో తీర్చిన అప్పుకి బ్యాంకు చుట్టూ తిరిగితే ఆ బ్రాంచీనే ఇంకో దాంట్లో కలిసిపోయింది.

లెక్కల_మాస్టారు
పాత_దస్తావేజు గారికి ఒక చేర్పు. 2023 డిసెంబర్ 1 నుంచి, అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగివ్వాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మనకే ఇవ్వాలి, ఆర్‌బీఐ రూలు. కాబట్టి కాగితాలు అప్పజెప్పేటప్పుడు ఏమేం ఇచ్చారో ఆ లిస్టు మీద బ్యాంకు సంతకం, స్టాంపు తీసుకోండి. ఫోటో కూడా తీసి పెట్టుకోండి.

ఇక కోడలుగారూ, మీ అంకెలు. 1,350 ఇంటూ 5,000 అంటే 67.5 లక్షలు, 4 కలిపితే 71.5. సేల్స్ వాళ్లు ఇక్కడ ఆపుతారు. కట్టుబడిలో ఉంది, ఓసీ (కట్టడం పూర్తయ్యాక ఇచ్చే సర్టిఫికెట్) రాలేదు కాబట్టి జీఎస్‌టీ 5 శాతం, 3.57 లక్షలు. (45 లక్షల లోపు, కార్పెట్ 60 చదరపు మీటర్ల లోపు అయితే హైదరాబాద్‌లో 1 శాతమే, మీది కాదు.) రిజిస్ట్రేషన్ 7.5 శాతం, స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, ఫీజు అర, అంటే 5.36 లక్షలు. మొత్తం 80 లక్షల 40 వేలు దాటింది, ఇంకా ఒక ఫ్యాన్ కూడా బిగించలేదు.

లోన్ ఎంతొస్తుంది? అప్పు 30 నుంచి 75 లక్షల మధ్యయితే విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు, దాన్నే ఎల్‌టీవీ అంటారు. అందులో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలపరు. 71.5లో 80 శాతం 57.2. జీఎస్‌టీ కూడా మీరే పెట్టుకుంటే మీ చేతినుంచి 14.3 ప్లస్ 3.57 ప్లస్ 5.36, దాదాపు 23 లక్షల 23 వేలు. ఇందులో ఆ 14.3 లక్షలు మార్జిన్ మనీ, దాన్ని బిల్డర్‌కి కట్టామని చూపించే రసీదు ఓసీఆర్. మీ ఓసీఆర్ చూశాకే బ్యాంకు తన డబ్బు వదులుతుంది.

50 లక్షలు దాటిన ఆస్తికి 1 శాతం టీడీఎస్ ఉంది, 71,500. ఇది ఎక్స్‌ట్రా కాదు, బిల్డర్‌కిచ్చే దాంట్లోంచి మీరే కోసి మీ పాన్ వాడి ప్రభుత్వానికి కట్టాలి. నెల అయ్యాక 30 రోజుల్లోపు. మర్చిపోతే నోటీసొచ్చేది బిల్డర్‌కి కాదు, మీకే.

నర్సన్న_నిజామాబాద్
అక్కా, యూడీఎస్ ఎంతిస్తున్నరో అడిగిన్రా? యూడీఎస్ అంటే ఆ బిల్డింగ్ కింద జాగల నీ వాటా. 2,000 గజాల మీద 50 ఫ్లాట్లు కడితే తలా 40 గజాలు అనుకోరాదు. యాభై ఏండ్లకు బిల్డింగ్ కూలగొట్టినా నీకు మిగిలేది ఆ గజాలే. గోడలకు వయసు పెరుగుతది, జాగకు ధర పెరుగుతది. సేల్ డీడ్‌ల గజాలు రాసి ఉన్నయా సూడు, "వాటా ప్రకారం" అని రాస్తే ఒప్పుకోకు.

ఇంకోటి, 1,350 అన్నది సూపర్ బిల్టప్. అండ్ల మెట్లు, లిఫ్టు, కారిడార్, వాచ్‌మెన్ రూమ్ అన్నీ నీ నెత్తిన. రెరా (రియల్ ఎస్టేట్ చట్టం) ప్రకారం లోపల గోడల మధ్య నువ్వు నడిచే జాగ, లోపలి గోడలు కలుపుకొని, అదే కార్పెట్. బాల్కనీ, బయటి గోడలు అండ్ల రావు. మాది 1,200 అన్నరు, తాళం ఇచ్చినంక మా బావ టేపు పెట్టి కొలిస్తే 840 తేలింది. రూపాయి ఎగ్గొట్టలే, అగ్రిమెంట్ల చిన్నగ రాసే ఉంది, మేమే సదవలే.

కూకట్‌పల్లి_కోడలు
అమ్మో. బ్రోచర్ వెనక చూశాను, కార్పెట్ 945 అని ఉంది, అంత చిన్న అక్షరాలు కళ్లజోడు తీసి చదవాల్సొచ్చింది. అంటే నాకు ఎస్ఎఫ్‌టీ పడేది 5,000 కాదన్నమాట?

లెక్కల_మాస్టారు
67.5 లక్షలు బై 945. 7,143.

డాలస్_శీను
హాయ్ ఆల్. మా చెల్లి నిన్న ఫోన్ చేసి "అన్నయ్యా లోన్ ఫోర్‌క్లోజ్ చేసేస్తున్నా, స్వీట్లు పంచుతున్నా" అంది. నాకు గుండాగినంత పనైంది! ఇక్కడ ఫోర్‌క్లోజర్ అంటే ఈఎంఐలు కట్టకపోతే బ్యాంకు ఇల్లు లాక్కోవడం. ఎంత కావాలి, నేను సర్దుతా అని అరగంట ఓదార్చాక తెలిసింది అది బోనస్ డబ్బుతో అప్పు ముందే తీర్చేస్తోందని 🤦

మన దగ్గర అలా ఎలా వాడుతున్నారండీ ఆ మాటని? పెనాల్టీ ఏమన్నా ఉంటుందా?

బెజవాడ_బాబాయ్
హహహ శీనూ, చెల్లికి స్వీట్లు పంపు. ఇక్కడ గడువుకి ముందే మొత్తం కట్టి మూసేస్తే ఫోర్‌క్లోజర్, కొంత కడితే పార్ట్ పేమెంట్. ఇల్లు లాక్కోవడాన్ని మనవాళ్లు జప్తు, వేలం, సర్ఫేసీ నోటీసు అంటారు. సొంతానికి తీసుకున్న ఫ్లోటింగ్ హోమ్ లోన్‌కి ఫోర్‌క్లోజర్ చార్జీ వేయకూడదు, బ్యాంకులకి 2012 నుంచే ఉంది రూలు. ఎవడన్నా అడిగితే రాతపూర్వకంగా ఇమ్మను, నోరు మూస్తాడు.

డాలస్_శీను
థాంక్యూ బాబాయ్. ఇక్కడ 30 ఏళ్ల ఫిక్స్‌డ్ మామూలు, రేటు ఒకసారి దొరికితే చివరిదాకా అదే. దానికి తోడు ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్ నెలనెలా కలిపి ఎస్క్రోలో (వాటికోసమే పక్కన పెట్టే ఖాతా) వేయించుకుంటారు, టెక్సస్‌లో ట్యాక్స్ చూస్తే ఈఎంఐ నయం అనిపిస్తుంది. 20 శాతం కంటే తక్కువ డౌన్ పేమెంట్ పెడితే పీఎంఐ అని ఇంకో ఇన్సూరెన్స్, అదీ బ్యాంకు కోసమే, ప్రీమియం మాత్రం మనది.

అన్నట్టు ఇంకో సందేహం, అమీర్‌పేట్‌లో మా పాత ఫ్లాట్ అమ్ముదామనుకుంటున్నా, కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ కోసుకుంటామంటున్నారు, అంతేనా?

లెక్కల_మాస్టారు
అది అమ్మేవాళ్లు ఇక్కడి రెసిడెంట్లయితేనే. ఎన్ఆర్ఐ దగ్గర కొంటే వేరే సెక్షన్, చాలా ఎక్కువ కోయాలి, 50 లక్షల పరిమితి కూడా లేదు. మీరు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల దగ్గర తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. పాపం కొనేవాళ్లకి ముందే చెప్పండి, తర్వాత ఇరుక్కునేది వాళ్లే. దీనికి వేరే థ్రెడ్ పెట్టండి శీనుగారూ.

సైట్_ఇంజనీర్_007
ఆగండాగండి. పైన మొత్తం చదివా, ఎవరూ ఆవిడ ఆఖరి లైను చూసినట్టు లేరు. కోడలుగారూ, రెండో ఫ్లోర్, మార్ట్‌గేజ్ ఫ్లాట్, 4 లక్షలు తక్కువ అన్నారు కదా. బయానా ఇచ్చేశారా????

కూకట్‌పల్లి_కోడలు
లేదండీ, రేపు. ఎందుకు?

సైట్_ఇంజనీర్_007
ఇవ్వకండి. మార్ట్‌గేజ్ ఫ్లాట్ అంటే లోన్ వచ్చే ఫ్లాట్ కాదు, దాదాపు రివర్స్. నేను పన్నెండేళ్లుగా సైట్లమీద ఉన్నా, చెప్తా వినండి. మన దగ్గర పెద్ద బిల్డింగ్‌కి పర్మిషన్ ఇచ్చేటప్పుడు, బిల్డర్ ప్లాన్ ప్రకారమే కడతాడని హామీగా కట్టబోయే ఏరియాలో 10 శాతం ఆ పర్మిషన్ ఇచ్చే సంస్థకి తనఖా పెట్టించుకుంటారు. 2012లో వచ్చిన బిల్డింగ్ రూల్స్, జీవో 168. మామూలుగా గ్రౌండ్, ఫస్ట్, సెకండ్ ఫ్లోర్లలోంచి తీసుకుంటారు, అందుకే మీకు చూపించింది రెండో ఫ్లోర్. అంతా అయ్యాక వాళ్లొచ్చి చూసి, ప్లాన్ తప్పలేదంటే ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు, అప్పుడు ఆ ఫ్లాట్లు విడిపిస్తారు. బిల్డర్ ఒక ఫ్లోర్ ఎక్స్‌ట్రా లేపినా, సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం) మింగేసినా ఓసీ ఆగుతుంది, ఆ 10 శాతం ఫ్లాట్లు వాళ్ల దగ్గరే ఇరుక్కుంటాయి.

అందాకా మీ పేరున రిజిస్ట్రేషన్ అవదు. రిజిస్ట్రేషన్ కానిదానికి బ్యాంకు డబ్బు ఎలా వదులుతుంది? మీ 2 లక్షలు, తర్వాత అడిగే ఇంకో పది లక్షలు, అన్నీ ఒక తెల్లకాగితం అగ్రిమెంట్ మీద ఉంటాయి. బిల్డర్లకి చివర్లో క్యాష్ టైట్ అవుతుంది, అందుకని వీటిని ముందే తక్కువకి తోసేస్తారు. ఆ అబ్బాయి అబద్ధమేం చెప్పలేదు చూడండి, మార్ట్‌గేజ్ అనే చెప్పాడు.

నర్సన్న_నిజామాబాద్
వామ్మో, అక్క పైసలు బచాయించినవ్ అన్నా. నేను గజాల లెక్కల వడి అది సూడనే లే.

పాత_దస్తావేజు
నేనూ చూడలేదు, కళ్లజోడు మార్చాలి. పర్మిషన్ ప్రొసీడింగ్స్ కాపీ అడగండమ్మా, తనఖా పెట్టిన ఫ్లాట్లు, ఫ్లోరు అందులో ఉంటాయి. ఈసీలో కూడా ఆ తనఖా దస్తావేజు కనపడాలి.

కూకట్‌పల్లి_కోడలు
చేతులు వణుకుతున్నాయి నిజంగా. మా నాన్నకి చెప్తే "నేను చెప్పానా తాకట్టని" అంటారు. ఈసారి ఆయనదే రైటు 😭 మరి బ్యాంక్ అప్రూవ్డ్ అని పెద్ద బోర్డు ఉంది కదా అక్కడ, ఐదు బ్యాంకుల గుర్తులతో?

సైట్_ఇంజనీర్_007
అదే ఏపీఎఫ్. ప్రాజెక్టు కాగితాలు బ్యాంకు లాయరు ఒకసారి చూశాడు, మళ్లీ ఒక్కొక్కరికీ మొదట్నుంచీ చూడక్కర్లేదు అని అర్థం. లోన్ తొందరగా అవుతుంది. అంతే. రేపు ఏదన్నా తేడా వస్తే బ్యాంకు మీ ఈఎంఐ ఆపదు. మీ తరఫున వేరే లాయర్‌కి చూపించండి, పది పదిహేను వేలు పోతే పోయాయి. 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల లిస్టు) ఆ సర్వే నంబర్ ఉందేమో, చెరువు ఎఫ్‌టీఎల్ (నిండితే నీళ్లొచ్చే హద్దు) బఫర్‌లో పడిందేమో అది కూడా అడగండి, మియాపూర్ అవతల చెరువులకి కొదవ లేదు.

బెజవాడ_బాబాయ్
రెరా నంబర్ ఉందా? 500 చదరపు మీటర్ల స్థలం దాటినా, 8 ఫ్లాట్లు దాటినా ఉండాల్సిందే, లేకుండా ప్రకటన కూడా వేయకూడదు. అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రిజిస్టర్ చేయకుండా 10 శాతం కంటే ఎక్కువ అడ్వాన్స్ తీసుకోకూడదు, మీకైతే 7.15 లక్షలు. ప్రీ లాంచ్ అని మొత్తం డబ్బు ముందే కట్టించుకుని యూడీఎస్ రాసిస్తామనే వాళ్ల జోలికి మాత్రం పోవద్దు, మా తోడల్లుడు పోయాడు, ఇప్పటికీ శనివారం శనివారం ఆ ఖాళీ స్థలం చూసొస్తుంటాడు.

ఈఎంఐ_బాధితుడు
ప్రీ ఈఎంఐ ఎవరూ చెప్పలేదు, నా సబ్జెక్టు కాబట్టి నేను చెప్తా. కట్టుబడిలో ఉన్నదానికి బ్యాంకు స్లాబుల వారీగా వదులుతుంది. 20 లక్షలు వదిలితే 8.5 శాతం అనుకుంటే నెలకి 14,167, అది ఉత్త వడ్డీ, అసలు రూపాయి తగ్గదు. పైగా అద్దె కడుతూనే ఉంటారు. బిల్డర్ ఏడాది ఆలస్యం చేస్తే ఏడాది ఎక్కువ. వీలైతే ఫుల్ ఈఎంఐ ఇప్పుడే మొదలుపెట్టమనండి, కొన్ని బ్యాంకులు ఒప్పుకుంటాయి. ఇంకా, లోన్‌తో పాటు లక్షో లక్షన్నరో ఇన్సూరెన్స్ ప్రీమియం అప్పులోనే కలిపేసి "కంపల్సరీ సార్" అంటారు. కాదు. టర్మ్ పాలసీ తీసుకోండి కానీ బయట తీసుకోండి, లేకపోతే ఆ ప్రీమియంకి కూడా 20 ఏళ్లు వడ్డీ కడతారు నాలాగ.

కూకట్‌పల్లి_కోడలు
వారం తర్వాత అప్‌డేట్. శనివారం వెళ్లాం. నేను ప్రొసీడింగ్స్ కాపీ, సేల్ డీడ్ డ్రాఫ్ట్, ఈసీ కావాలనగానే ఆ అబ్బాయి మా ఆయన వైపు చూశాడు, మా ఆయన నా వైపు చూశారు, మేనేజర్ వచ్చి ఈసారి ఏసీ గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. రెండో ఫ్లోర్ సంగతి అడిగితే "అందరూ తీసుకుంటారు మేడమ్, ఓసీ వచ్చేస్తుంది" అన్నారు. వచ్చాకే తీసుకుంటా అన్నా. ఐదో ఫ్లోర్‌లో వెస్ట్ ఫేసింగ్ చూశాం, యూడీఎస్ 42 గజాలు అని డ్రాఫ్ట్‌లో రాసి ఉంది, రెరా నంబర్ సరిపోయింది, కాగితాలు లాయర్‌గారి దగ్గరున్నాయి, ఆయన ఇంకా లింకు డాక్యుమెంట్లలో ఏదో ఒకటి అడుగుతున్నారు. అది తేలేదాకా బయానా ఇవ్వలేదు. నాన్న అన్నం తింటున్నారు.

రేటు తగ్గించలేదు కానీ పార్కింగ్‌లో 50 వేలు తగ్గించారు. లేచి వస్తుంటే కార్పస్ ఫండ్ ఎస్ఎఫ్‌టీకి 50 అదనంగా ఉంటుంది మేడమ్ అన్నారు. అదేంటి మళ్లీ?

లెక్కల_మాస్టారు
బిల్డింగ్‌కి రేపు పెద్ద రిపేర్లకి అసోసియేషన్ పేరున దాచే డబ్బు. 1,350 ఇంటూ 50, 67,500. నా లెక్కలో అది మర్చిపోయా, సారీ.

నర్సన్న_నిజామాబాద్
1,350 మీదనేనా, 945 మీదనా అడుగు అక్కా 😁